మూడో నల్లబిళ్ల

"మూడు విడతలు," అన్నాడు పెన్తి. "ఈలోపు ఎవరూ లేపకపోతే హర్మా చచ్చినట్టే."

చిన్న పాచిక తీసి, మూడు చుక్కలు పైకి వచ్చేలా బల్ల మధ్య పెట్టాడు. దాని పక్కనే హర్మా వెల్లకిలా పడి ఉన్నాడు. బొటనవేలంత సీసపు సిపాయి. పదకొండేళ్లుగా వేళ్లు తగిలి తగిలి ముక్కు అరిగిపోయింది. పటంలో అతను పడిన చోటు వంతెన. వంతెన మీద అతన్ని తొక్కడానికి సిద్ధంగా నిలబడ్డ మంచు రాక్షసుడు నిజానికి ఉప్పు డబ్బా. అసలు బొమ్మను పెన్తి మనవరాలు ఎత్తుకుపోయింది.

మెర్వి కంగారు పడలేదు. ఇలాంటి ఘడియ కోసమే ఆమె ప్రతి ఆదివారం ఒక బిళ్ల మిగుల్చుకునేది. పటం మీంచి చూపు తిప్పకుండానే ఎడమ చేతిని తన సాసరు మీదికి పోనిచ్చింది.

వేళ్లకి పింగాణీ తగిలింది. చల్లగా, నున్నగా.

సాసరు ఖాళీ.

"నా బిళ్ల ఏది?" అంది మెర్వి.

బయట కెమి ఊరి మీద మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతోంది. అపార్ట్‌మెంట్ అడుగున ఉన్న ఆ క్లబ్బు గదికి ఒకటే కిటికీ, దానికి సగం వరకూ మంచు.

"నల్లబిళ్ల. మూడోది. ఇక్కడే పెట్టాను. ఎవరు తీశారు?"

ఆ బల్ల దగ్గర శక్తుల లెక్క కాగితం మీద రాసుకోరు. ఆటగాడికి ఆదివారానికి మూడే శక్తులు, శక్తికొక మిఠాయి బిళ్ల. వాడితే అందరి ముందూ నోట్లో వేసుకోవాలి. మెర్వి పాత్ర వైద్యురాలు. ఆమెవి సల్మియాకి బిళ్లలు, ఉప్పగా, ఘాటుగా ఉండి నాలుకని బొగ్గు చేస్తాయి. దొంగ పాత్ర వేసే రీక్కావి ఆకుపచ్చవి. మాంత్రికుడు తోపియాస్‌వి పసుపు నిమ్మబిళ్లలు. హర్మాని ఆడించే యార్కోవి ఎర్రవి. కథ నడిపేది పెన్తి కాబట్టి అతనికి బిళ్లలు లేవు, పెట్టుడు పళ్లతో అవి నమల్లేడు కూడా.

గోడ మీద అట్టముక్క ఒకటి వేలాడుతోంది. దాని మీద మూడు రూల్సు, మెర్వి చేతిరాత.

తిన్నది వాడినట్టే.

ఒకరి బిళ్ల ఇంకొకరు తింటే, తిన్నవాడి పేరు బల్ల ముందు పలకాలి. పలికితే బిళ్ల సొంతదారుకి తిరిగొస్తుంది, తిన్నవాడి బిళ్లలన్నీ పోతాయి.

చస్తున్నవాడు మాట్లాడకూడదు.

మూడోదాని కింద రీక్కా ఎప్పుడో పెన్సిల్‌తో గీకింది: చచ్చినవాడు మాట్లాడొచ్చు, కాఫీ కూడా పెట్టాలి.

"కింద పడిందేమో చూడు," అన్నాడు తోపియాస్. స్కూల్లో వంటవాడు, ఆరడుగుల మనిషి. బల్ల కిందికి దూరితే బల్లే లేచింది.

"ఒరేయ్ ఏనుగా! పటం కదులుతోంది!" రీక్కా ఉప్పు డబ్బాని పట్టుకుంది.

"రాక్షసుణ్ణి ముట్టుకోకు," అన్నాడు పెన్తి. "మొదటి విడత. తోపియాస్, నీ వంతు." నిమిషం ఇసక గడియారం తిరగేశాడు.

"ఆగు తాతా. బిళ్ల దొరకనీ," అంది రీక్కా.

"రాక్షసుడు ఆగడు."

పెన్తి అంతే. మంచు పగలగొట్టే ఓడలో ముప్పై ఏళ్లు ఇంజన్లు నడిపాడు. ముందుకే తప్ప పక్కకి పోవడం తెలియని ఓడ, దానికి తగ్గ మనిషి.

మెర్వి లేచి కుర్చీ మెత్త ఎత్తి చూసింది. స్వెటర్ దులిపింది. కాఫీ ఫ్లాస్కు కింద, యాలకుల బన్నుల పళ్లెం కింద వెతికింది. బొమ్మ కోసం నలభయ్యారేళ్ల మనిషి ఇంత గాలించడమేమిటని కొత్తవాళ్లకి అనిపించొచ్చు. అక్కడున్న వాళ్లెవరికీ అనిపించలేదు.

యార్కో ఆమె తమ్ముడు. పదకొండేళ్ల కిందట పెళ్లాం వదిలేసి వెళ్లాక అతను తలుపు తియ్యడం మానేశాడు. ఫోన్ ఎత్తడు. చెత్త డబ్బా దాకా కూడా రాడు. ఓ ఆదివారం మెర్వి తలుపు మీద అరగంట బాది, చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టింది. వెళ్లేటప్పుడు మాట తీసుకుంది. హర్మా బతికున్నంత కాలం ప్రతి ఆదివారం వస్తానని. యార్కో నవ్వేశాడు. కొత్త సిపాయి, మూడు వారాలు బతికితే గొప్ప. సరే అన్నాడు.

ఆ రాత్రే మెర్వి తన విలుకత్తె పాత్రని చింపేసి వైద్యురాల్ని రాసుకుంది.

హర్మా చావలేదు. నాగుపాము కరిచినా, కోట గోడ మీదపడినా, రాజుగారి విందులో విషం తాగినా చావలేదు. ప్రతిసారీ ఒక నల్లబిళ్ల అతని కోసం సిద్ధంగా ఉండేది. ఈ పదకొండేళ్లలో యార్కో తేరుకున్నాడు, పని వెతుక్కున్నాడు, గడ్డం గీసుకున్నాడు. మెర్వి పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో మిషన్ల హోరుకి మాటలు వినిపించవు. ఇంటికెళ్తే మాట్లాడేవాళ్లే లేరు. ఆమె వారంలో ఉన్నది ఒక్కటే రోజు, ఆ రోజు పేరు ఆదివారం. ఎవరు ఎవరిని బతికిస్తున్నారో ఆమె ఎప్పుడూ తరచి చూసుకోలేదు.

ఇప్పుడు యార్కో బల్ల అవతల చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెదవులు మూసుకుని, రూలు ప్రకారం.

"తోపియాస్! ఇసక అయిపోతోంది," అన్నాడు పెన్తి.

తోపియాస్ రీక్కా బొమ్మ వైపు చూశాడు. దాని పక్కన ఇంకో పాచిక, రెండు చుక్కలు. అతను ఆమె మీద కప్పిన వెలుగు కవచం ఇంకా రెండు విడతలే ఉంటుంది. రాక్షసుడి దెబ్బలు సగానికి సగం అదే ఆపుతోంది. మాంత్రికుడు ఒకసారికి ఒక్క మంత్రమే పట్టుకోగలడు.

"కవచం వదిలేస్తే రాక్షసుడి కాళ్లు గడ్డకట్టించొచ్చు," అన్నాడు నెమ్మదిగా. "నాదీ చివరి బిళ్లే. కానీ రీక్కా ఒంటి మీద ఏమీ ఉండదు."

"ఒంటి మీద ఏమీ లేకుండా బోలెడుసార్లు పోరాడాను. వదిలెయ్," అంది రీక్కా.

"నువ్వు బస్సు తోలేది కూడా అలాగేనా?"

"టిక్కెట్టు కొని ఎక్కితే తెలుస్తుంది."

తోపియాస్ నిమ్మబిళ్ల నోట్లో వేసుకుని ఇరవై ముఖాల పాచిక విసిరాడు. అది పటం దాటి, బన్ను ముక్కని కొట్టుకుని ఆగింది.

నాలుగు.

పాచిక పారలేదు. రాక్షసుడు గడ్డకట్టలేదు సరికదా, పెన్తి విసిరిన దెబ్బకి కవచం లేని రీక్కా బొమ్మ వంతెన అంచుకి వెళ్లింది. పెన్తి చిన్న పాచికని తిప్పాడు.

రెండు.

"రెండో విడత. రీక్కా."

"నా దగ్గర ఊపిరి పోసే మందు ఉండాలిగా, సీసాలో?" రీక్కా కాగితాలు తిరగేసింది.

"ఏప్రిల్‌లో తాగేశావు," అన్నాడు తోపియాస్. "సత్రంలో ఉప్పు చేపలు తినే పందెం గెలవడానికి."

"గెలిచానుగా!"

"గెలిచి ఏం తెచ్చావు? టోపీ."

మెర్వి బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఎకసెక్కాలు ఆపుతారా? ఎవరో ఒకరు తిన్నారు. మామూలుగా అడుగుతున్నాను. తిన్నవాళ్లు చెప్తే చాలు, బిళ్ల తిరిగొస్తుంది, మనిషి బతుకుతాడు. తప్పు కాదు. పొరపాటున కూడా తింటాం. కాఫీ తాగుతూ మాటల్లో పడి చెయ్యి వెళ్తుంది."

"నేను చచ్చినా తినను ఆ తారు ముక్క," అంది రీక్కా.

"నావైపు చూడకు," అన్నాడు తోపియాస్. "ఒక క్రిస్మస్‌కి మీ అందరివీ కలిపి అయిదు తిన్నది నిజమే. శిక్ష అనుభవించాను. రెండో రూలు నా పుణ్యమే."

"నాలుకలు," అంది రీక్కా ఉన్నట్టుండి.

"ఏంటి?"

"నాలుకలు చాపండి! బస్సులో పిల్లలు సీట్లకి చూయింగ్ గమ్ పూస్తే నేను చేసేది ఇదే. ఎవడు ఏ రంగు నమిలాడో నాలుకే చెప్తుంది. సల్మియాకి తిన్నవాడికి నల్లగా ఉండాలి."

పెన్తి ఇసక గడియారాన్ని పక్కకి పడుకోబెట్టాడు. పదకొండేళ్లలో ఆ పని చెయ్యడం మొదటిసారి. "నాలుకలకి మాత్రం ఆపుతాను. త్వరగా."

రీక్కా ముందు తనే చాపింది. పచ్చిగడ్డి మేసినట్టుంది. తోపియాస్‌ది పసుపు. పెన్తి మర్యాదగా తనదీ చూపించాడు. కాఫీ మరక తప్ప ఏమీ లేదు.

మెర్వి చాపింది. ముగ్గురూ ముందుకి వంగారు.

"నలుపు," అంది రీక్కా, గొంతు తగ్గించి.

"నలుపే ఉంటుంది! తోపియాస్ కాలు అతికించడానికి ఒకటి, నీ పాము విషం తీయడానికి ఒకటి. రెండు తిన్నాను, మీ అందరి ముందూ తిన్నాను."

"మూడోది కూడా తిన్నావేమో." తోపియాస్ ఆ మాట మెత్తగానే అన్నాడు. "కోప్పడకు. నీకు గాభరా పుడితే ఏది అందితే అది నములుతావు. పోయినేడు పెన్సిల్ రబ్బరు తిన్నావు."

"తిన్నది వాడినట్టే," అన్నాడు పెన్తి. అట్టముక్క వైపు చూడకుండానే. "సొంత బిళ్ల సొంతదారే తింటే తిరిగి రాదు, మెర్వీ. నువ్వు రాసిందే."

ఇసక గడియారం మళ్లీ నిలబడింది. రీక్కా తన చివరి ఆకుపచ్చ బిళ్ల వేసుకుని రాక్షసుడి కాళ్ల సందులోంచి జారి హర్మా దాకా వెళ్లింది. పాచిక పదిహేడు పడింది. ఏం లాభం? దొంగ చేతిలో మందు లేదు. శవం కాబోయేవాడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది, అంతే.

చిన్న పాచిక మీద ఒకటే చుక్క.

"చివరి విడత," అన్నాడు పెన్తి. "మెర్వి."

ఆమెకి నోట్లో ఉప్పు తగిలింది. నిజంగానే తనే తినేసిందా? చివరిసారి ఆ బిళ్ల ఎప్పుడు చూసింది? కాఫీ విరామంలో. అప్పటికి హర్మా లేచే ఉన్నాడు, వంతెన ఇవతల అందరితో నిలబడి ఉన్నాడు. బిళ్ల సాసరులో ఉంది. ఖచ్చితంగా ఉంది, ఎందుకంటే పాలు తేవడానికి పైకి వెళ్తూ దాని మీద ఖాళీ కప్పు బోర్లించాలనుకుని, ఎవరు తీస్తారులే అనుకుంది. రీక్కా, తోపియాస్ సిగరెట్టుకి బయటికి వెళ్లారు. పెన్తి కూడా మంచు చూడ్డానికి వాళ్ల వెంట నడిచాడు.

గదిలో ఒక్కరే ఉండిపోయారు.

మెర్వి తలెత్తింది.

యార్కో ముందు కాఫీ కప్పు నిండుగా ఉంది. పైన పాల మీగడ కట్టి, చల్లారిపోయి. తన తమ్ముడు కాఫీ ముట్టకుండా వదిలెయ్యడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కప్పు పక్కన అతని సాసరు. అందులో మూడు ఎర్రబిళ్లలు.

మూడు. ఒక్కటీ వాడలేదు.

విరామం అయ్యాక అతను హర్మాని ఒంటరిగా వంతెన మీదికి నడిపించాడు. రాక్షసుడు మొదటి దెబ్బ వేసినప్పుడు ఉక్కుచర్మం వాడు, వాడు అని రీక్కా అరిచింది. యార్కో తల అడ్డంగా ఊపాడు. అందరూ వెక్కిరించారు. ఆటగాళ్లందరికీ ఉన్న జబ్బే అది, పెద్ద యుద్ధం ముందుందని మంచి శక్తులన్నీ దాచుకుని, వాడకుండానే చావడం. రెండో దెబ్బకీ వాడలేదు. మూడో దెబ్బకి హర్మా పడ్డాడు.

దాచుకోలేదు వాడు. దేనికీ దాచుకోలేదు.

మెర్వికి మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. మధ్యాహ్నం తమ్ముడి కారు పక్కనుంచి వస్తూ వెనక సీటు నిండా అట్టపెట్టెలు చూసింది. ఖాళీ సీసాలు రీసైక్లింగ్‌కి వేస్తాడనుకుంది. ఖాళీ సీసాల పెట్టెలకి టేపు ఎవరు వేస్తారు? అది ఇల్లు మారేవాడి సామాను. వేసవిలో మూడు నెలలు నార్వేలో, ట్రోమ్సో చేపల రేవులో పని చేశాడు. ఒక్క ఆదివారం మానలేదు. ఎనిమిది గంటలు బండి నడిపి వచ్చేవాడు, ఆట అవగానే ఎనిమిది గంటలు వెనక్కి. కళ్లు ఎర్రగా ఉంటే, నిద్ర చాలలేదురా తమ్ముడూ అని తనే అంది. అక్కడ లీవ్ అని ఒకావిడ ఉందని ఒకసారి చెప్పబోతే, ముందు పాచిక వెయ్యరా అని తనే అంది. మొన్న బుధవారం ఫోన్ చేసి, హర్మా ముసలాడైపోయాడక్కా, అన్నాడు. ముసలాడైతే ఏం, నేనున్నానుగా అంది తను.

ఉంది. పదకొండేళ్లుగా ఉంది. వాడు చచ్చిపోకుండా చూసుకుంటూ, ఎటూ కదలకుండా చూసుకుంటూ.

అడగలేకపోయాడు. ఇచ్చిన మాట తప్పలేకపోయాడు. మాటకి ఒకటే గడువు, హర్మా ప్రాణం. ఆ ప్రాణానికి అడ్డంగా ఉన్నది ఒకటే నల్లబిళ్ల.

యార్కో ఆమె వైపే చూస్తున్నాడు. తెలుసుకుందని అతనికి అర్థమైంది. పెదవులు కొంచెం విడిపోయాయి, ఏదో అనడానికి కాబోలు. వెంటనే మూసుకున్నాడు. కానీ ఆ రెప్పపాటులో కింది పళ్ల వెనక ఆమెకి కనిపించింది.

నలుపు.

"ఇసక సగం అయింది," అన్నాడు పెన్తి.

"మెర్వీ, ఏదో ఒకటి చెయ్యి!" రీక్కా పిడికిళ్లు బిగించింది. "యార్కో నాలుక ఎవరూ చూడలేదు, చూద్దామా?"

"తనని కాపాడబోయే అక్క బిళ్ల వాడే తింటాడా?" అన్నాడు తోపియాస్. "బుర్ర ఉందా నీకు?"

ఒక్క పేరు. రెండక్షరాలు పలికితే చాలు. బిళ్ల సాసరులోకి తిరిగొస్తుంది. హర్మా లేచి కూర్చుంటాడు. వాడి ఎర్రబిళ్లలు పోతాయి, పోనీ. వచ్చే ఆదివారం వస్తాడు. ఆ పై ఆదివారం వస్తాడు. మంచులో ఎనిమిది గంటలు, ఎప్పటికో ఒకనాటికి ఏ మలుపులోనో కళ్లు మూతపడే దాకా. మాట తప్పడు. ఆ సంగతి ఆమెకి ఖాయంగా తెలుసు. అందుకే ఆ పేరు నాలుక చివరికి వచ్చి అక్కడే ఆగింది.

పలక్కపోతే ఆదివారం ఉండదు.

ఇసక జారుతోంది. వైద్యురాలి చేతిలో ఏమీ లేదు. తోపియాస్ కవచం పోయింది, రీక్కా సీసా ఉప్పు చేపల పాలైంది, నలుగురు ఆటగాళ్లలో ఒకడి చేతిలోనే ఇంకా శక్తులున్నాయి, వాడికి అవి అక్కర్లేదు. ఇంత చేతకానితనం ఆమె ఏ గుహలోనూ, ఏ కోటలోనూ ఎరగదు.

"నేనే," అంది మెర్వి.

"ఏంటి?" అన్నాడు పెన్తి.

"నేనే తిన్నాను. గాభరాలో. తోపియాస్ చెప్పినట్టే. ఇప్పుడు గుర్తొచ్చింది." ఖాళీ సాసరు బోర్లించింది. "తిన్నది వాడినట్టే. నా వంతు అయిపోయింది."

"అయ్యో మెర్వీ!" రీక్కా తల పట్టుకుంది. "పదకొండేళ్లు కాపాడి, ఆఖరికి నమిలి మింగావా!"

తోపియాస్ తన మాట నిజమైనందుకు సిగ్గుపడుతున్నవాడిలా నేల చూపులు చూశాడు. పెన్తి మటుకు మెర్వి మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత యార్కో సాసరులోని మూడు ఎర్రబిళ్లల వైపు చూశాడు. ఇంజన్లు విని జబ్బు చెప్పే మనిషి, ఏం వినిపించిందో ఏమో, ఆఖరి ఇసక రేణువు జారేదాకా ఆగాడు.

చిన్న పాచికని తీసి జేబులో వేసుకున్నాడు.

"హర్మా చచ్చిపోయాడు," అన్నాడు.

సీసపు సిపాయిని రెండు వేళ్లతో ఎత్తి బల్ల మీంచి మెర్వి అరచేతిలో పెట్టాడు. సీసమైనా దానికి బరువే లేదనిపించింది. ముక్కు లేని మొహం ఆమె వైపు చూస్తోంది. ఆమె వేళ్లు ముడుచుకుంది. చెయ్యడానికి ఇంకేమీ లేకపోయింది.

యార్కో కుర్చీ వెనక్కి జరిగింది. లేచి నిలబడ్డాడు. గోడ మీది అట్టముక్కనీ, దాని కింద పెన్సిల్ గీతల్నీ చూశాడు.

"ఇక నేను మాట్లాడొచ్చుగా?"

"చచ్చినవాడు మాట్లాడొచ్చు," అన్నాడు పెన్తి. "జరిగింది మాత్రం తిరగదు."

"తిరగక్కర్లేదు," అన్నాడు యార్కో. మెర్వి వద్దన్నట్టు తల ఊపుతోంది. అతను చూడనట్టే ఫ్లాస్కు అందుకుని, ముందు ఆమె కప్పు నింపాడు. కాఫీ సగం బోర్లించిన సాసరు మీద పడింది. "అక్క అబద్ధం ఆడింది. పదకొండేళ్లలో నాతో ఒక్క అబద్ధం ఆడలేదు, ఇవాళ నాకోసం ఆడింది. పేరు బల్ల ముందు పలకాలని రూలుగా? పలుకుతున్నా."

నాలుక చాపాడు. బొగ్గులా ఉంది.

"మూడో నల్లబిళ్ల తిన్నది యార్కో," అన్నాడు.